కలిపి చదివినవాడు

యలమంద పేపరు చదువుతుంటే బాపయ్య తిట్టేవాడు. పేపర్ని కాదు, యలమందని. మంత్రి మాట తప్పినా, పత్తి రేటు పడిపోయినా, ఎక్కడో ఏ ఊళ్ళోనో వంతెన కూలినా, తిట్లు తినేది మాత్రం ఎదురుగా స్టూలు మీద కూర్చుని చదివే యలమందే.

"ఆపరా నాయనా! పొద్దున్నే ఏందిరా నాకీ దరిద్రం? సరిగ్గా చూసి చదువు."

"చూసే చదువుతున్నా. అదే రాశాడు."

"మన పేపర్లోనే?"

"మన పేపర్లోనే."

"అయితే నిజమే అయ్యుండిద్ది. కానీయ్," అని బాపయ్య కుర్చీలో సర్దుకుని మళ్ళీ చెవి అటు పారేసేవాడు.

ఇద్దరూ ఒకే బళ్ళో ఓనమాలు దిద్దినవాళ్ళు. బాపయ్య మధ్యలోనే పలకా బలపం అవతల పారేసి నాగలి పట్టాడు. నల్లరేగడిలో పత్తీ మిరపా పండించి, సత్తెనపల్లి కొట్ల దగ్గర నుంచి గుంటూరు యార్డు దాకా అందరితోనూ పోట్లాడి, గొంతున్న మనిషి అనిపించుకున్నాడు. యలమంద చదువుకుని గ్రంథాలయంలో ఉద్యోగం సంపాదించి, పుస్తకాల వీపుల మీద నంబరు చీటీలు అంటిస్తూ సర్వీసంతా గడిపి, రిటైరై ఊళ్ళోకి వచ్చిపడ్డాడు. అప్పటికి బాపయ్యకు చూపు పోయింది. నీటికాసులు, చుక్కలు మానొద్దు అని డాక్టరు ముందే చెప్పాడు. కాయ కోతల్లో చుక్కల సీసా ఎవరికి గుర్తుంటుంది? ఒక కన్ను ముందు పోయింది, రెండోది దాని వెనకే పోయింది.

ఇంట్లో చదివిపెట్టేవాళ్ళు లేక కాదు. కొడుకు చైతన్యకృష్ణ అధికార పార్టీకి మండలంలో పెద్ద తలకాయ. ఇంటి ముందు ఎప్పుడూ నలుగురు మనుషులూ నాలుగు మోటారు సైకిళ్ళూ ఉంటాయి. నాన్న పక్కన కూర్చునే తీరిక అతనికి లేదు. కోడలు బిందుమాధవి డిగ్రీ చదివిన పిల్లే, కానీ పొద్దున పూట ఆమెకు పాలు, పిల్లల క్యారేజీలు, పొలానికి వెళ్ళే కూలీల సంగతులు. పిలిచి కూర్చోబెట్టడానికి బాపయ్యకే మొహమాటం. ఫోను కూడా వార్తలు చదివిపెడుతుందని ఎవరో చెబితే ఒకరోజు విన్నాడు. "ఇది నేనేదన్నా అంటే తిరిగి ఒక్క ముక్కనదేందిరా," అని దాన్ని అవతల పెట్టించాడు. అట్లా ఆ పని యలమంద చేతికొచ్చింది.

యలమందకు అది పని కాదు. శేషారత్నం పోయినప్పటి నుంచి అతని లోపల ఏదో ఆగిపోయింది. పన్ను పీకే ముందు ఇచ్చే ఇంజెక్షనుతో చెంప మొద్దుబారుతుందే, ఒళ్ళంతా అట్లా ఉండేది. భార్య శవం దగ్గర అతను ఏడవలేదు. ఎంత నిబ్బరమో అన్నారు కొందరు ఆడవాళ్ళు, ఎంత రాతిగుండో అన్నారు ఇంకొందరు. రెండూ కాదు. అక్కడ ఏమీ లేదంతే. జీవితమంతా పుస్తకాల మధ్య బతికినవాడు ఇప్పుడు పుస్తకం తెరిస్తే పేజీ చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండేది కాదు. ఒకప్పుడు నడిచి వెళ్ళి మరీ తెల్లవార్లూ విన్న నాటక పద్యాలు ఇప్పుడు వింటే రాగం పేరు తెలిసేది, ఆపైన ఏమీ తెలిసేది కాదు. బాపయ్య నోరు పెట్టుకుని తిట్టేటప్పుడు మాత్రం లోపల ఎక్కడో సన్నగా కదిలేది. ఆ కాసేపటి కోసమే అతను పొద్దున్నే లేచేవాడు, గడ్డం గీసుకునేవాడు, ఉతికిన చొక్కా తొడుక్కునేవాడు. అది కూడా పోతే తన దగ్గర ఇంకేమీ మిగలదని అతనికి బాగా తెలుసు.

మా వైపు ఊళ్ళల్లో టీ కొట్టుకి కూడా పార్టీ ఉంటుంది. ఇది తెలియకుండా ఊళ్ళోకి వచ్చినవాడు ఒక్క టీకే మునుగుతాడు. బొడ్రాయి సెంటర్లో రోడ్డుకి అటొక కొట్టు, ఇటొక కొట్టు. అటువైపు అధికార పార్టీ వాళ్ళు కూర్చుంటారు, వాళ్ళ పేపరు వేయించుకుంటారు. ఇటు ఖుర్షిదా కొట్లో ప్రతిపక్షం వాళ్ళు కూర్చుంటారు, వాళ్ళ పేపరు వాళ్ళది. టీ రెండు చోట్లా ఒకటే, పాలు పోసేవాడు ఒకడే. కొత్తగా వచ్చిన అల్లుడికి అత్తారింట్లో మొదట చెప్పే జాగ్రత్త కూడా ఏ కొట్లో కూర్చోవాలన్నదే.

యలమంద కూర్చునేది ఖుర్షిదా కొట్లో. పార్టీ కోసం కాదు. ఆమె తండ్రి ఒకప్పుడు నాటక సమాజాల్లో హార్మోనియం వాయించిన మనిషి. ఆయన వాయించిన నాటకాలు ఎవరో క్యాసెట్లకెక్కిస్తే, ఖుర్షిదా వాటిని ఫోన్లోకి మార్పించుకుని, చిన్న స్పీకరు పెట్టి పొద్దున్నే వేస్తుంది. పార్టీ వాళ్ళు గోల పెడతారు, సినిమా పాట పెట్టమంటారు. "మా నాయన ఆపేదాకా నేను ఆపను," అంటుందామె. అక్కడ టీ తాగుతూ, ఆ పద్యాలు చెవిన పడుతుండగా యలమంద అక్కడి పేపరు చదివేవాడు. తర్వాత బాపయ్య ఇంటికి వెళ్ళి, అక్కడ వేయించుకునే అధికార పార్టీ పేపరు చదివేవాడు. తప్పంతా ఈ వరసలోనే ఉంది.

మొదట్లో అతను ఉన్నదున్నట్టే చదివాడు. పేపరు ప్రకారం రాష్ట్రంలో అంతా బ్రహ్మాండంగా ఉంది, బాగాలేనిదంతా పోయిన ప్రభుత్వం చేసింది. బాపయ్య "ఊ" అనేవాడు, కాసేపటికి అదీ అనకుండా కునుకు తీసేవాడు. ఖుర్షిదా కొట్టు పేపర్లో అదే వార్త రెండో సగం ఉంటుంది. మంత్రి వచ్చి కాలవ ప్రారంభించాడని బాపయ్య పేపరు రాస్తుంది, చివరి పొలాలకు చుక్క రాలేదని అది రాస్తుంది. గ్రంథాలయంలో పేపర్లన్నీ ఒకే బల్ల మీద పరిచినవాడు, రెండు సగాలూ కలిపితే గానీ ఒక వార్త కాదని ఎరిగినవాడు గనక, సగం వార్త అతని గొంతు దిగలేదు. ఒకరోజు బూతులాంటి విమర్శ ఒకటి చదవకుండా వదిలేశాడు. ఇంకోరోజు "అయితే కింది రైతులకు నీళ్ళు అందలేదు" అని ఒక వాక్యం చేర్చాడు. అంతే, బాపయ్య కుర్చీలో లేచి కూర్చున్నాడు.

"ఎట్టా అందుతయ్‌రా! ఆ తూములు ఎవడన్నా బాగుచేస్తే గదా! చూశావా, మన పేపరు దమ్మున్న పేపరు. మన తప్పు మనమే రాసుకుంటాం. వాళ్ళకుందా ఆ ధైర్యం?"

ఆ రోజు బాపయ్య ఎండెక్కేదాకా కేకలేశాడు. యలమంద నడుస్తూ ఇంటికి వెళ్ళాడు, దోవలో ఆకలేసింది. శేషారత్నం పోయాక ఆకలని అతను గమనించడం అదే మొదలు. అప్పట్నించి రోజూ కలిపాడు. అబద్ధం ఒక్కటీ చదవడంలేదు గదా, ఏ పేపర్లోది అన్నది ఒక్కటే గదా మార్చి చెబుతున్నది అనుకున్నాడు. ఇట్లాంటి సమాధానాలు చదువుకున్నవాళ్ళకి బాగా దొరుకుతాయి.

మిరపకి నీళ్ళు కావలసిన రోజులు వచ్చాయి. ఎత్తిపోతల పథకం మోటార్లు కాలిపోయి పడున్నాయని ఖుర్షిదా కొట్టు పేపరు రాసింది. యలమంద దాన్ని బాపయ్య పేపర్లో కలిపి చదివాడు. ఆ సాయంత్రం చైతన్యకృష్ణ తండ్రిని మోటారు సైకిలు మీద ఎక్కించుకుని సెంటర్లో తమ కొట్టు దగ్గర దింపాడు. నియోజకవర్గం నుంచి వచ్చిన నాయకులు కొందరు అక్కడ టీ తాగుతున్నారు. ఎత్తిపోతల నీళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయని వాళ్ళు చెప్పుకుంటుంటే బాపయ్య అందుకున్నాడు.

"ఎక్కడొస్తన్నయ్ అబ్బాయ్? మోటార్లు కాలిపోయి ఎన్నాళ్ళయ్యిందో! మన పేపరే రాసిందిగా ఇయ్యాల. సిగ్గుగా లేదంట్రా, ముందు అయ్యి బాగుచేయించండి."

కొట్లో ఉన్న పేపరు తీసి అటు తిప్పారు, ఇటు తిప్పారు. మోటార్ల మాట ఎక్కడా లేదు. అవతలి కొట్టు పేపర్లో ఉందని ఎవరో రోడ్డు దాటి తెచ్చి చూపించారు. నవ్వారు. బాపయ్య ఆ నవ్వు ఎటు నుంచి వస్తున్నదో తెలియక తల అటూ ఇటూ తిప్పాడట. ఆ సంగతి యలమందకు చెప్పింది చైతన్యకృష్ణే.

చెప్పడానికి ఇంటికే వచ్చాడతను. చెప్పులు బయట విప్పి, వసారాలో నిలబడి, మంచినీళ్ళిస్తే తాగాడు. పెంపకం మంచిదే.

"బాబాయ్, నువ్వంటే నాకు గౌరవం. ఒకటి మాత్రం చెప్పు. నువ్వు ఎవరి మనిషివి?"

"ఎవరి మనిషిని కాదురా అబ్బాయ్."

"ఆ మాట అనేవాళ్ళంతా వాళ్ళ మనుషులే బాబాయ్, నాకు తెలుసు. రోజూ కూర్చునేది ఆ కొట్లో. చదివేది ఆ పేపరు. గుడ్డోడు గదా, ఏం చదివినా నమ్ముతాడని మా నాన్న నోట వాళ్ళ మాట పలికించావు. నలుగుర్లో పరువు తీశావు."

"పరువు తియ్యాలని కాదు."

"మరెందుకు చదివావు?"

యలమంద దగ్గర జవాబు ఉంది గానీ ఆ కుర్రాడికి చెప్పే జవాబు కాదది. ఖాళీ గ్లాసు అందుకుని లోపల పెట్టాడు.

"కొన్నాళ్ళు రాబాకు బాబాయ్. నాన్నకి నేను సర్దిచెప్తాలే," అని చైతన్యకృష్ణ చెప్పులు తొడుక్కున్నాడు. "సరే" అన్నాడు యలమంద. కాళ్ళూ చేతులూ ఆడనంత దెబ్బ తగిలిందని బుద్ధికి తెలుసు, తగిలినట్టు మాత్రం లేదు. అన్నం వండుకుని తిన్నాడు.

ఎవరి మనిషివి అని అతన్ని అడగడం కొత్త కాదు. కాలేజీలో ఉండగా స్నేహితుడి కోసం ఒకరోజు ఊరేగింపులో జెండా పట్టుకున్నాడు. జెండా ఎర్రది గనక చాలా ఏళ్ళు ఎర్రవాడన్నారు. పెళ్ళయ్యాక శేషారత్నాన్ని పెదకాకాని గుడికి తీసుకెళుతుంటే, ఎర్రవాడు కాస్తా బొట్టువాడయ్యాడన్నారు. తనతో పనిచేసిన ఇమ్మానియేలు తండ్రి చనిపోతే చర్చిలో ప్రార్థన అయ్యేదాకా కూర్చున్నందుకు, మతం పుచ్చుకుంటున్నాడన్నారు. గ్రంథాలయంలో పుస్తకానికి ఒక నంబరే ఉండాలి, లేకపోతే ఏ అరలో పెట్టాలో తెలియదు. అర మార్చినప్పుడు పాత చీటీ గీకి తీసే ఓపిక లేక దాని మీదే కొత్తది అంటించేవాడు యలమంద. తన మీద జనం అంటించినవి కూడా అతను ఎప్పుడూ గీకి తీసుకోలేదు. చెప్పుకుంటే పోయేవేమో. అవసరమనిపించలేదు, ఆ తర్వాత ఓపిక లేకపోయింది. నిజం చెప్పాలంటే ఓపిక లేకపోవడాన్ని అతను పెద్దరికం అనుకున్నాడు.

పేపరు చదవని పొద్దుటిపూటలు వచ్చాయి. బాపయ్య నుంచి కబురు రాలేదు. యలమంద ఖుర్షిదా కొట్లో కూర్చునేవాడు, మునుపటికన్నా ఎక్కువసేపు. అక్కడి వాళ్ళు అతన్ని చూసి జరిగి చోటివ్వడం మొదలుపెట్టారు. "ఇప్పుడు మీరు మనోళ్ళండీ మాస్టారూ," అన్నాడు శ్యామ్ సుందర్. ప్రతిపక్షం తరఫున ఊళ్ళో తిరిగేది అతనే. యలమంద మాస్టారు కాదు, వాళ్ళ మనిషీ కాదు. రెండూ దిద్దకుండా టీ తాగాడు.

ఒకరోజు ఖుర్షిదా ఒక పాత పద్యం పెట్టింది. తండ్రి హార్మోనియం ముందు నడుస్తుంటే గొంతు దాని వెనకే పైకి పాకి, అక్కడ ఆగి, ఇంకా పైకి వెళ్ళే పద్యం అది. చిన్నప్పుడు దీనికే జనం లేచి నిలబడి మళ్ళీ మళ్ళీ పాడించారు. బాపయ్య, తను ఒకే గోనె పట్టా మీద కూర్చుని విన్నారు. యలమంద కళ్ళు మూసుకున్నాడు. ఏమన్నా అనిపిస్తుందేమోనని లోపలికి చూసుకుంటూ కూర్చున్నాడు. గొంతు పైకి వెళ్ళింది. ఏమీ అనిపించలేదు. ఇంకొంచెం ఆగితే అనిపిస్తుందేమోనని కదలకుండా ఉన్నాడు. అంతలో భుజాల మీద ఏదో మెత్తగా పడింది.

కళ్ళు తెరిస్తే మెడలో పార్టీ కండువా ఉంది. శ్యామ్ సుందర్ పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు, ఎవరో ఫోనుతో ఫోటో తీశారు, చప్పట్లు కొట్టారు. మా వైపు పార్టీలో చేరడమంటే ఇదే. సంతకం అక్కర్లేదు, మాట అక్కర్లేదు, భుజాల మీద కండువా పడితే చేరినట్టే.

"ఏందిరా అబ్బాయిలూ ఇది, పాట వింటున్నాడు గదా ఆయన!" అని ఖుర్షిదా లోపల నుంచి అరిచింది.

యలమంద అప్పుడే దాన్ని తీసి విసిరికొట్టి ఉండవచ్చు. విసిరికొట్టడానికి కోపం కావాలి. పద్యం ఇంకా అయిపోలేదు. అయ్యేదాకా కూర్చుని, అప్పుడు కండువా తీసి, మడతపెట్టి బల్ల మీద ఉంచి ఇంటికి వెళ్ళాడు. అతను ఇల్లు చేరకముందే ఫోటో ఊరంతా చేరింది.

మర్నాడు పొద్దున్నే బిందుమాధవి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"చిన్నమావయ్యగారూ, మావయ్య మిమ్మల్ని తీసుకురమ్మంటున్నారు. మా ఆయన ఇంట్లో లేరు, గుంటూరెళ్ళారు. వస్తారా?"

బాపయ్య వసారాలో అదే కుర్చీలో ఉన్నాడు. స్టూలు గోడకి జరిపేసి ఉంటే యలమంద దాన్ని లాక్కుని కూర్చున్నాడు.  

"కండువా కప్పించుకున్నావంటగా."

"నేను కప్పుకోలేదురా. వాళ్ళు కప్పారు."

"అదట్టా ఉంచు. నాకు కావలసింది అది కాదు. నువ్వు ఏ పార్టీలో ఉంటే నాకేంది, చిన్నప్పట్నించీ నువ్వెప్పుడు నా పార్టీవి గనక?" బాపయ్య చేత్తో గాలిలో వెతికి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "కళ్ళు పోయినయ్ అని నేను ఏడవలేదు. యలమందగాడు ఉన్నాడు గదా అనుకున్నా. కళ్ళు రోగం తీసుకుపోయిందిరా. గుడ్డోణ్ణి చేసింది మాత్రం నువ్వే."

యలమంద నేల వైపు చూశాడు.

"ఎందుకు చేశావు? మావోడు అడిగితే చెప్పలేదంట. నాకన్నా చెప్పు."

"ఉన్నదున్నట్టు చదివితే నువ్వు నిద్రపోతావురా. కలిపి చదివితే తిడతావు. నువ్వు తిడుతుంటే నాకు కాస్త బాగుంటది."

  బాపయ్య చెయ్యి చాచి పక్కన బల్ల మీదున్న పేపరు తడిమి, యలమంద వైపు తోశాడు.

"ఇయ్యాల్టిది. చదువు. ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క కలపబాకు, ఒక్క ముక్క వదలబాకు. సరిగ్గా చదివితే రేపు రా, ఎల్లుండి రా, నేను చచ్చిందాకా రా. మావోడితో నేను చెప్పుకుంటా."

యలమంద చదివాడు. ముఖ్యమంత్రి పర్యటన చదివాడు, అభివృద్ధి చదివాడు, ప్రతిపక్షం మీద బూతులన్నీ ఒక్కటీ పోకుండా చదివాడు. బాపయ్య ప్రతిదానికీ "ఊ" అన్నాడు. నిద్రపోలేదు. పేజీ తిప్పినప్పుడల్లా మొహం ఇటు తిప్పి మరీ విన్నాడు. రేపు కూడా రావచ్చు అనుకుంటూ యలమంద మండలం వార్తల పేజీ తెరిచాడు.

అక్కడ తన ఫోటో ఉంది. మెడలో కండువా, పక్కన శ్యామ్ సుందర్ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. దాని కింద వార్త. యలమంద ముందు కళ్ళతో చదివాడు. వదిలేసి పక్క వార్తకి పోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ అది వదిలితే నిన్నటి యలమందకీ ఇవాళ్టి వాడికీ తేడా లేదు. ఒక్కసారైనా ఈ మనిషికి ఉన్నదున్నట్టు చదవాలనిపించింది. పైకి చదివాడు.

"విశ్రాంత ఉద్యోగి ముసుగు తొలగింది. గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన ఒక వ్యక్తి ప్రతిపక్షంలో చేరడంతో, ఇంతకాలం ఆయన సాగించిన దుష్ప్రచారం వెలుగులోకి వచ్చింది. చూపు లేక, వయసు మీదపడి మతి చలించిన బాపయ్య అనే వృద్ధుడికి తప్పుడు వార్తలు నూరిపోసి, ఆ పిచ్చి మాటలను నలుగురిలో పలికించినట్లు..."

"ఆగు." బాపయ్య కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. "ఏందీ? మతి ఏమైందన్నావు?"

"మతి చలించిన అని రాశాడు."

"నాకా?"

"నీకే."

"మన పేపర్లోనా? ఒరేయ్, మండలం వార్త ఏదన్నా మావోడు చూసి పంపిందాకా ఆ విలేకరి రాయడు. నాకు పిచ్చెక్కిందని మావోడు రాయించాడంటావా?"

యలమందకు అప్పుడు తట్టింది. మోటార్లు కాలిపోయాయని నలుగురి ముందు అన్నది చైతన్యకృష్ణ తండ్రి. ఆ మాట కొట్టేయాలంటే అన్న మనిషికి మతి లేదనడం తప్ప ఇంకో దారి లేదు. చదివేటప్పుడు తన సంగతే చూసుకున్నాడు, ఈ సంగతి చూసుకోలేదు.

"నువ్వు కలిపావు," అన్నాడు బాపయ్య. అడిగినట్టూ ఉంది, బతిమాలినట్టూ ఉంది. "అమ్మాయ్! బిందూ! ఇట్టా రా తల్లీ."

బిందుమాధవి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. యలమంద పేపరు ఆమెకిచ్చి వార్త మీద వేలు పెట్టాడు. ఆమె చదువుతుంటే మొహంలో రంగు పోయింది. ఆమెకు ఆ వార్త కొత్త కాదని యలమందకు అర్థమైంది. మొగుడు రాయిస్తుంటే విన్నదే, అచ్చులో చూడటమే కొత్త.

"పైకి చదువమ్మా. నా గురించి ఏం రాశాడు?"

ఆమె మామగారి మొహం చూసింది. తర్వాత యలమంద మొహం చూసింది. కళ్ళనిండా నీళ్ళతో, తల అడ్డంగా కొంచెమే ఊపి, వద్దన్నట్టు చూసింది.

"చూపు లేని... పెద్దాయన బాపయ్య గారికి తప్పుడు వార్తలు చదివి వినిపించి, అని ఉంది మావయ్యా."

"మతి సంగతి?"

"అట్టాంటిదేమీ లేదు మావయ్యా."

బాపయ్య వెనక్కి వాలాడు. పట్టుకున్న కుర్చీ చేతులు వదిలాడు. అతని మొహంలో ఎంత ఊరట కనబడిందంటే, యలమంద నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. పేపర్లో ఉందని, కావాలంటే వీధిలో పోయే ఎవరినైనా పిలిచి చదివించుకోమని అనవచ్చు. అంటే ఈ ఊరట పోతుంది, కొడుకు పోతాడు, ఆ పిల్ల అబద్ధమూ బయటపడుతుంది.

"చూశావా," అన్నాడు బాపయ్య, కోపం లేకుండా. "మళ్ళా కలిపావు."

"అవున్రా," అన్నాడు యలమంద. "కలిపాను."

"నీకు అలవాటైపోయిందిరా. నువ్వు మానలేవు." బాపయ్య మొహం అవతలికి తిప్పుకున్నాడు. "ఇంక రాబాకు."

బిందుమాధవి గేటు దాకా వచ్చింది. ఏదో అనబోతే, వద్దులేమ్మా, లోపలికెళ్ళు అన్నాడు. వెనక బాపయ్య, మిగతాది నువ్వు చదువు తల్లీ అని పిలుస్తున్నాడు.

యలమంద వీధిలో నాలుగడుగులు వేశాక గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నొప్పి తెలిసింది. ఇన్నాళ్ళుగా ఎక్కడికి పోయిందో తెలియనిది ఒక్కసారిగా వచ్చి రొమ్ము మధ్య కూర్చుంది. ఇవాళ నేను ఉన్నదున్నట్టే చదివాను అని ఎవరినైనా పట్టుకుని చెప్పాలనిపించింది. ఆ మాట చెప్పుకోవడానికి అతనికి ఊరు మొత్తం మీద బాపయ్య ఒక్కడే ఉన్నాడు.